గీత దాటితే దొంగ దొరకడా? సముద్రపు దోపిడీ మీద ఆసియా దేశాల ఉమ్మడి కాపలా

పైరసీ అనగానే మనలో సగం మందికి గుర్తొచ్చేది సినిమా రిలీజైన సాయంత్రానికే ఫోన్లలో తిరిగే థియేటర్ ప్రింట్. మిగతా సగం మందికి ఒక కంటికి నల్లగుడ్డ కట్టుకున్న హాలీవుడ్ హీరో. ఈ ఎపిసోడ్ ఆ రెండింటి గురించీ కాదు. నిజంగా ఓడ ఎక్కి, కత్తి చూపించి, దోచుకుపోయే వాళ్ల గురించి. అంతకంటే ముఖ్యంగా, వాళ్లని ఆపడానికి ఒకరినొకరు పెద్దగా నమ్మని దేశాలు కలిసి ఏం చేస్తున్నాయి, ఎంతవరకు చేయగలుగుతున్నాయి అనే దాని గురించి.

ముందు ఒక కథ చెప్తాను. కథ అంటే కల్పన కాదు, రికార్డుల్లో ఉన్నదే.

1999 అక్టోబర్ 22. ఇండోనేషియాలో సుమత్రా దీవి తీరాన కువాలా తాంజుంగ్ అనే రేవు. అక్కడి నుంచి అలోండ్రా రెయిన్‌బో అనే ఓడ జపాన్‌కి బయల్దేరింది. ఓనర్లు జపాన్ వాళ్లు, ఓడ మీద ఎగిరేది పనామా జెండా. లోపల దాదాపు 7 వేల టన్నుల అల్యూమినియం దిమ్మెలు. సిబ్బంది 17 మంది. కెప్టెన్, చీఫ్ ఇంజనీర్ జపనీయులు, మిగతా 15 మంది ఫిలిప్పీన్స్ వాళ్లు. రేవు వదిలిన కొన్ని గంటలకే దొంగలు పిస్తోళ్లు, కత్తులతో ఎక్కేశారు. సిబ్బందిని కట్టేసి ఇంకో పడవలోకి మార్చి, కొన్ని రోజులు అందులోనే బంధించి, తర్వాత ఒక లైఫ్ రాఫ్ట్‌లో, అంటే గాలి నింపిన తెప్పలో, నడి సముద్రంలో వదిలేశారు. దాదాపు పది రోజులు కొట్టుకుపోయారు. చివరికి థాయ్ మత్స్యకారుల కంటబడి ప్రాణాలతో బయటపడ్డారు.

మరి ఓడ? ఓడ మాయం. ఏడు వేల టన్నుల సరుకున్న ఓడ మాయం ఎలా అవుతుంది అంటారా? చాలా సింపుల్. పేరు మార్చి పెయింట్ వేశారు. అలోండ్రా రెయిన్‌బో కాస్తా మెగా రామా అయిపోయింది. జెండా మార్చి బెలీజ్ దేశపు ఓడ అన్నారు. కొంత సరుకు అప్పటికే అమ్మేశారు. ఇలా పేరు మార్చి తిప్పే ఓడల్ని సముద్రం మీద పనిచేసే వాళ్లు దెయ్యపు ఓడలు అంటారు. ఆ రోజుల్లో అదొక పెద్ద వ్యాపారం.

అప్పుడు కౌలాలంపూర్‌లో ఒక ఆఫీసు ఉంది, ఇప్పటికీ ఉంది. ఇంటర్నేషనల్ మారిటైమ్ బ్యూరో వాళ్లు 1992లో పెట్టిన పైరసీ రిపోర్టింగ్ సెంటర్. ఇది ప్రభుత్వానిది కాదు, వ్యాపార సంఘాల తరఫున నడిచేది. వాళ్లు ఓడ వివరాలు దారిలో ఉన్న ఓడలన్నిటికీ పంపించారు: ఇలాంటి ఓడ కనిపిస్తే చెప్పండి అని. నవంబర్ మధ్యలో ఒక ట్యాంకర్ కెప్టెన్ అరేబియా సముద్రం వైపు పోతున్న ఓడని చూసి, పోలికలు కలిశాయని కబురు పెట్టాడు. మన కోస్ట్ గార్డ్ ఓడ తారాబాయి వెంటపడింది. రేడియోలో పిలిస్తే ఆగలేదు, హెచ్చరికగా కాల్చినా ఆగలేదు. నేవీ నుంచి ఐఎన్‌ఎస్ ప్రహార్ వచ్చి చేరింది. నవంబర్ 16న లొంగదీశారు. లొంగే ముందు దొంగలు సాక్ష్యం దొరక్కుండా ఓడకి నిప్పు పెట్టి, నీళ్లు లోపలికి వదిలి ముంచేద్దామని చూశారు. మన వాళ్లు ఎక్కి మంటలు ఆర్పి, ముంబైకి లాక్కొచ్చారు. ఓడ మీద దొరికిన వాళ్లు 15 మంది, అందరూ ఇండోనేషియన్లు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. కానీ అసలు తలనొప్పి ఇక్కడే మొదలైంది. వీళ్లని ఏ సెక్షన్ కింద విచారించాలి? ఓడ పనామాది, ఓనర్ జపాన్, నేరం జరిగింది ఇండోనేషియా దగ్గర, బాధితులు ఫిలిప్పీన్స్, జపాన్ వాళ్లు, పట్టుకున్నది ఇండియా. అప్పటికి మన దేశంలో సముద్రపు దోపిడీని నేరం అని నేరుగా చెప్పే చట్టమే లేదు. ఉన్న ఐపీసీ సెక్షన్లతోనే లాగారు. 2003లో ముంబై సెషన్స్ కోర్టు 14 మందికి ఏడేళ్ల కఠిన శిక్ష వేసింది. 2005లో బాంబే హైకోర్టు ఆ శిక్షని కొట్టేసింది. అంతే, వాళ్లు బయటికొచ్చారు.

పాఠం నేర్చుకోవడానికి మనకి ఎంత టైం పట్టిందో తెలుసా? మారిటైమ్ యాంటీ పైరసీ యాక్ట్‌ని పార్లమెంట్ 2022 డిసెంబర్‌లో పాస్ చేసింది. అంటే ఆ ఓడ దొరికిన 23 ఏళ్లకి. వచ్చాక మాత్రం వెంటనే పనికొచ్చింది. 2024 మార్చిలో సొమాలియా దొంగల చేతిలో ఉన్న రూయెన్ అనే ఓడని ఐఎన్‌ఎస్ కోల్‌కతా వెంటాడి, మార్కోస్ కమాండోలని విమానం నుంచి దింపి, 17 మంది సిబ్బందిని విడిపించి, 35 మంది దొంగల్ని ముంబై పోలీసులకి అప్పగించింది గుర్తుందా? ఆ కేసు ఈ కొత్త చట్టం కిందే పెట్టారు.

సరే, చట్టం మన సొంత ఇంటి పని. అసలు సమస్య వేరే ఉంది. అలోండ్రా రెయిన్‌బో విషయంలో ఒక ప్రైవేట్ ఆఫీసు చొరవ, ఒక ట్యాంకర్ కెప్టెన్ కళ్లు, మన కోస్ట్ గార్డ్ అదృష్టం కలిసొచ్చాయి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా ఓడ పోయేది. ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య, ఇలాంటి విషయం నిమిషాల్లో చేరేసే పద్ధతి లేదు. జపాన్‌కి ఇది బాగా గుచ్చుకుంది. వాళ్ల చమురులో ఎక్కువ భాగం మలక్కా జలసంధి మీదుగానే రావాలి మరి. 1999 నవంబర్‌లోనే ప్రధాని కెయిజో ఒబుచి ఆసియా దేశాల ముందు ఈ విషయం పెట్టారు. 2001లో ప్రధాని కొయిజుమి, ఒప్పందం రాసుకుందాం అన్నారు. 16 దేశాలు కూర్చుని, 2004 నవంబర్ 11న టోక్యోలో ముసాయిదా ఖాయం చేశాయి. 2006 సెప్టెంబర్ 4 నుంచి అమల్లోకి వచ్చింది. దాని పేరు రీక్యాప్. పూర్తి పేరు తెలుగులో చెప్పాలంటే, ఆసియాలో ఓడలపై సముద్రపు దోపిడీని, సాయుధ దోపిడీని ఎదుర్కొనే ప్రాంతీయ సహకార ఒప్పందం. ఇండియా ఇందులో మొదటి నుంచీ ఉంది. ఇప్పుడు మొత్తం 21 దేశాలు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జర్మనీ లాంటి ఆసియా బయటి దేశాలు కూడా తర్వాత చేరాయి, ఎందుకంటే ఓడలు వాళ్లవి కూడా పోతున్నాయి కదా.

ఆ పేరులో రెండు మాటలు ఉన్నాయి, గమనించారా? సముద్రపు దోపిడీ ఒకటి, సాయుధ దోపిడీ ఒకటి. రెండూ ఒకటే కదా, ఎందుకు విడివిడిగా అంటారు? ఈ ఎపిసోడ్‌లో ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

ఏ దేశానికైనా తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల వరకు, సముద్రం సొంత భూమి లాంటిదే. అక్కడ ఆ దేశపు పోలీసులు, ఆ దేశపు కోర్టులు. ఆ గీత లోపల ఓడని దోచుకుంటే అంతర్జాతీయ చట్టం దృష్టిలో అది పైరసీ కాదు, సాయుధ దోపిడీ. ఆ గీత దాటి, ఏ దేశానికీ చెందని నీళ్లల్లో, ఒక ఓడలోంచి వచ్చి ఇంకో ఓడని సొంత లాభం కోసం దోచుకుంటేనే పైరసీ. పైరసీ అయితే ప్రపంచంలో ఏ దేశపు నేవీ అయినా పట్టుకోవచ్చు, సముద్ర చట్టం ఆ హక్కు ఇచ్చింది. సాయుధ దోపిడీ అయితే ఆ తీర దేశం మాత్రమే పట్టుకోవాలి. ఇంకో విచిత్రం ఏంటంటే, దొంగ చేతిలో చాకు కూడా లేకపోయినా లెక్కల్లో దాన్ని సాయుధ దోపిడీ అనే పద్దులోనే రాస్తారు.

ఇప్పుడు ఈ గీతల్ని సింగపూర్ జలసంధి మీద ఊహించుకోండి. ఉత్తరాన సింగపూర్, దక్షిణాన ఇండోనేషియా దీవులు బాతామ్, బింతాన్. పక్కనే మలేషియా. మధ్యలో ఓడలు పోయే దారి. మలక్కా, సింగపూర్ జలసంధుల్లో ఏడాదికి 80 వేలకు పైగా ఓడలు పోతాయి. ఫిలిప్స్ చానల్ అనే చోట దారి 3 కిలోమీటర్ల కంటే సన్నం. మన హైవే మీద డివైడర్ ఉన్నట్టు అక్కడ పోయే ఓడలకి ఒక లేన్, వచ్చే ఓడలకి ఒక లేన్. ఇష్టమొచ్చినట్టు తిప్పడానికి లేదు, వేగం తగ్గించాలి. బొగ్గు, ఇనుప ఖనిజం నిండా నింపుకున్న ఓడ బరువుకి నీళ్లల్లోకి దిగి ఉంటుంది కాబట్టి డెక్ అంత ఎత్తుండదు. దొంగకి ఇంతకంటే ఏం కావాలి?

అర్ధరాత్రి దాటాక ఇంజిన్ పడవలో నలుగురైదుగురు వస్తారు. లైట్లు ఉండవు. ఓడ వెనక భాగానికి ఆనుకుని, గడకర్రకి కొక్కెం కట్టి పైకి తగిలించి, పాకి ఎక్కేస్తారు. ఓడ నడుస్తూనే ఉంటుంది, అది ఆగదు. నేరుగా ఇంజిన్ రూమ్‌కి పోతారు. ఇంజిన్ విడిభాగాలు సంచిలో పట్టేంత ఉంటాయి, ఖరీదు మాత్రం ఎక్కువ. పది ఇరవై నిమిషాల్లో పని ముగించి దిగిపోతారు. ఎవరైనా ఎదురుపడితే కత్తి చూపిస్తారు, కట్టేస్తారు. మామూలుగా ఎవరూ చూడకపోతేనే వాళ్లకీ హాయి. ఇంకో రకం, టగ్ బోటు లాక్కెళ్లే బార్జీలు. వాటి మీద మనుషులుండరు, తుక్కు ఇనుము కుప్పలుగా ఉంటుంది. పట్టపగలు కూడా పడవలు కట్టేసి తుక్కు దించుకుపోయిన సంఘటనలున్నాయి.

దొంగ పడవ సింగపూర్ వైపు నీళ్లల్లో పని చేసుకుని అవతలికి పోయిందనుకోండి. గీత దాటడానికి నిమిషాలు చాలు. వెనక సింగపూర్ పోలీస్ కోస్ట్ గార్డ్ తరుముతోందనుకోండి. గీత దగ్గర ఆగిపోవాలి. వెంటాడే హక్కు అనేది అవతలి దేశపు నీళ్లల్లోకి దొంగ పడవ చేరగానే ముగుస్తుంది, అది అంతర్జాతీయ చట్టం. మన దగ్గర ఒక రాష్ట్రం పోలీసులు ఇంకో రాష్ట్రంలోకి పోవాలంటేనే ఎంత తతంగమో తెలుసు కదా, ఇక్కడ అవతలిది పరాయి దేశం. తుపాకీ ఉండీ, వేగమైన పడవ ఉండీ, కళ్ల ముందు దొంగ ఉండీ ఆగాల్సిందే. ఆ క్షణంలో పనికొచ్చేది ఒక్కటే, అవతలి వాడికి ఫోన్. ఇదిగో పడవ మీ వైపు వస్తోంది, ఇన్నిమంది ఉన్నారు, ఈ దిక్కుగా పోతోంది, మీరు పట్టుకోండి అని.

రీక్యాప్ చేసేది సరిగ్గా ఆ ఫోన్ పనే. చాలామంది దీన్ని ఏదో ఆసియా సముద్ర సైన్యం అనుకుంటారు. కాదు. దాని దగ్గర ఒక్క ఓడ లేదు, ఒక్క తుపాకీ లేదు. సింగపూర్‌లో 2006 నవంబర్‌లో మొదలైన ఒక సమాచార కేంద్రం, అందులో చిన్న సిబ్బంది. వేరే వేరే దేశాల నుంచి వచ్చిన అధికారులు. 2022 నుంచి మూడేళ్లు దానికి డైరెక్టర్‌గా ఉన్నది మన కోస్ట్ గార్డ్ మాజీ అధిపతి కె. నటరాజన్. ప్రతి సభ్య దేశం ఒక ఫోకల్ పాయింట్‌ని చూపించాలి. అంటే, రాత్రి రెండింటికి ఫోన్ చేసినా ఎత్తే ఒక ఆఫీసు. మన దేశానికి అది కోస్ట్ గార్డ్.

ఓడ మీద ఏదైనా జరిగితే కెప్టెన్ ముందు దగ్గర్లోని తీర దేశానికి చెప్పాలి. ఆ దేశపు ఫోకల్ పాయింట్ ఒకవైపు తన పడవల్ని పంపుతుంది, ఇంకోవైపు సింగపూర్ కేంద్రానికి, మిగతా దేశాల ఫోకల్ పాయింట్లకి భద్రమైన నెట్‌వర్క్ మీద సమాచారం పెడుతుంది. కేంద్రం దాన్ని సరిచూసి, ఆ దారిలో వచ్చే ఓడలకి హెచ్చరిక పంపుతుంది. కేంద్రం ఎవరినీ ఆజ్ఞాపించలేదు. నువ్వు పోయి పట్టుకో అని ఏ దేశానికీ చెప్పలేదు. ఒప్పందంలోనే రాసుకున్నారు, దీనివల్ల ఎవరి సార్వభౌమత్వానికీ, ఎవరి సరిహద్దు వాదనకీ భంగం రాదు అని. ఇది పిరికితనంలా కనిపిస్తుంది. కానీ ఆ వాక్యం లేకపోతే చైనా, జపాన్ ఒకే కాగితం మీద సంతకం పెట్టేవా? నా ఉద్దేశంలో ఆ వాక్యమే ఒప్పందాన్ని నిలబెట్టింది.

ఇంకో మంచి పని, ప్రతి సంఘటనకీ గ్రేడ్ వేయడం. కేటగిరీ 1 నుంచి 4 వరకు. తుపాకులతో పెద్ద ముఠా వచ్చి ఓడనే ఎత్తుకుపోతే 1. ఒకరిద్దరు చేతులూపుకుంటూ వచ్చి ఎవరికీ గాయం కాకుండా తాడు పట్టుకుపోతే 4. ఎందుకిది? ఈ గ్రేడ్ లేకపోతే పెయింట్ డబ్బా దొంగతనమూ, ఓడ హైజాకూ రెండూ ఒక్కొక్క సంఘటనగానే లెక్కలోకి వస్తాయి. పేపర్లో హెడ్డింగ్ పడుతుంది, ఇన్సూరెన్స్ వాళ్లు భయపడతారు. అలా భయపడిన చరిత్ర ఉంది. 2005 జూన్‌లో లండన్ ఇన్సూరెన్స్ మార్కెట్ కమిటీ మలక్కా జలసంధిని యుద్ధ ప్రమాదం ఉన్న ప్రాంతాల జాబితాలో పెట్టింది. ఇరాక్ లాంటి చోట్ల సరసన. అక్కడి దేశాలకి ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అలాంటి జాబితాలో పడితే ఆ దారిన పోయే ఓడలకి ప్రీమియం పెరుగుతుంది, ఆ ఖర్చు చివరికి సరుకు కొనేవాడి నెత్తినే పడుతుంది. గస్తీ చూపించి, ఒప్పించి, 2006 ఆగస్టులో ఆ పేరు తీయించుకున్నారు.

ఆ గస్తీ కథ కూడా ఉంది. 2004లో అమెరికా సైన్యం మలక్కాకి కాపలా కాస్తానంటోందని వార్తలొచ్చాయి. ఇండోనేషియా, మలేషియా గట్టిగా వద్దన్నాయి. మా ఇంటి ముందు నీ వాచ్‌మన్ ఏంటి అని. కానీ వద్దంటే సరిపోదు కదా, మరి మీరు కాస్తారా అని అడుగుతారు. అదే ఏడాది జూలైలో ఇండోనేషియా, మలేషియా, సింగపూర్ సమన్వయ గస్తీ మొదలుపెట్టాయి. 2005లో విమానాలతో నిఘా, ఆ విమానంలో మిగతా దేశాల అధికారులు కూడా కూర్చుంటారు. 2008లో థాయ్‌లాండ్ చేరింది. సమన్వయ గస్తీ అన్నాను, ఉమ్మడి గస్తీ అనలేదు. తేడా ఉంది. ఎవరి నీళ్లల్లో వాళ్లే తిరుగుతారు, టైం టేబుల్ మాత్రం కలుపుకుంటారు, ఒకరికొకరు కబురు పెట్టుకుంటారు. గీత గీతే.

ఇప్పుడు అసలు మెలిక. రీక్యాప్‌లో 21 దేశాలు అన్నాను. నార్వే ఉంది, డెన్మార్క్ ఉంది. ఎవరు లేరో తెలుసా? ఇండోనేషియా లేదు. మలేషియా లేదు. ఒప్పందం రాసేటప్పుడు ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు, తర్వాత చేరలేదు. అంటే జలసంధికి రెండు ఒడ్డులూ ఎవరివో వాళ్లే సంఘంలో సభ్యులు కారు. కారణాలు ఊహించడం కష్టం కాదు. కేంద్రం సింగపూర్‌కి వెళ్లడం ఇండోనేషియాకి నచ్చలేదు. మలేషియాలో ఇందాక చెప్పిన పైరసీ రిపోర్టింగ్ సెంటర్ అప్పటికే ఉంది. ఇద్దరికీ సార్వభౌమత్వం దగ్గర పట్టింపు ఎక్కువ. తమ నీళ్లల్లో జరిగిన దొంగతనాల లెక్క ఇంకో దేశంలోని ఆఫీసు ప్రపంచానికి చదివి వినిపించడం ఎవరికి ఇష్టం చెప్పండి?

అలాగని వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారనుకుంటే అన్యాయం. సభ్యులు కాకపోయినా అధికారుల స్థాయిలో సమాచారం ఇచ్చిపుచ్చుకుంటారు. దానికి ఉదాహరణ 2015 జూన్. ఓర్కిమ్ హార్మొనీ అనే మలేషియా ట్యాంకర్, లోపల దాదాపు 6 వేల టన్నుల పెట్రోలు, 22 మంది సిబ్బంది. 11వ తేదీ రాత్రి హైజాక్. దొంగలు పాత చిట్కానే వాడారు, పేరు మీద పెయింట్. ఈసారి బద్ధకించారు కూడా, ముందు వెనక కొన్ని అక్షరాలు చెరిపేసి కిమ్ హార్మన్ అని వదిలేశారు. ఆస్ట్రేలియా నిఘా విమానం దాన్ని కనిపెట్టింది, మలేషియా నేవీ వెంటాడింది. దొంగలు లైఫ్‌బోటులో పారిపోయి ఒక వియత్నాం దీవిలో తేలితే వియత్నాం అధికారులు పట్టుకున్నారు. వంటవాడికి తొడలో తూటా తగిలింది, మిగతా అందరూ క్షేమం. మొత్తం వారం రోజుల వ్యవహారం. 1999లో ఇలాగే పేరు మార్చిన ఓడ దొరకడానికి దాదాపు నాలుగు వారాలు పట్టింది, అదీ అదృష్టం మీద. ఆ తేడా ఓడల వేగంలో లేదు, కబురు వేగంలో ఉంది.

మరి మొత్తంగా ఇది పనిచేస్తోందా? ఈ ప్రశ్నకి అవును, కాదు అని రెండూ చెప్పాలి. పెద్ద నేరాల విషయంలో అవును. ఓడలని మొత్తంగా ఎత్తుకుపోవడం, ట్యాంకర్ల నుంచి ఆయిల్ తోడేయడం దాదాపు ఆగాయి. రీక్యాప్ లెక్కల్లో 2015లో ఆసియా మొత్తం మీద 200 వరకు సంఘటనలుంటే, 2016లో 85కి పడిపోయాయి. చిన్న దొంగతనాల విషయంలో కాదు. మలక్కా, సింగపూర్ జలసంధుల్లో 2021లో 49, 2022లో 55, 2023లో 63, 2024లో 62. 2025లో మొదటి ఆరు నెలల్లోనే 80. అంతకు ముందు ఏడాది అదే ఆరు నెలల్లో 21.

ఎందుకంటే ఈ దొంగలు అంతర్జాతీయ ముఠాలేమీ కారు. ఆ దీవుల చుట్టుపక్కల ఉండే వాళ్లు, ఆ నీళ్లు చేతి గీతల్లా తెలిసిన వాళ్లు. దొంగిలించిన విడిభాగం కొనేవాడు ఒడ్డు మీద ఉన్నాడు, తుక్కు కొనే దుకాణం ఒడ్డు మీద ఉంది. ఎన్ని దేశాలు ఎంత వేగంగా కబురు పంపుకున్నా, కొనేవాణ్ణి పట్టుకోకపోతే పడవ మళ్లీ వస్తుంది. సముద్రం మీద గస్తీ కాసే వాళ్లకి ఒడ్డు మీది పని అప్పజెప్పలేం, అది స్థానిక పోలీసులు, స్థానిక ఉపాధి సంగతి. సమాచార కేంద్రం నివేదికలు కూడా పదే పదే ఇదే అడుగుతాయి, పట్టుకోండి, విచారించండి అని. అడగడం వరకే దానికి చేతనవును.

సొమాలియాతో పోలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ ప్రభుత్వమే కూలిపోయింది కాబట్టి 2008లో భద్రతా మండలి తీర్మానంతో విదేశీ నేవీలు ఆ దేశపు నీళ్లల్లోకి కూడా వెళ్లగలిగాయి. ఆసియాలో అలా కుదరదు. ఇక్కడ ప్రతి గీత వెనకా ఒక బతికున్న ప్రభుత్వం ఉంది, దాని పరువుంది. అందుకే ఇక్కడ యుద్ధనౌకల కంటే ముందు నమ్మకం కుదరాలి. విచిత్రంగా, సొమాలియా చుట్టుపక్కల దేశాలు కూడా 2009లో జిబౌటీలో తమ మధ్య ఒప్పందం రాసుకున్నప్పుడు రీక్యాప్‌నే నమూనాగా తీసుకున్నాయి.

మనకేంటి అంటారా? ఉంది. కాకినాడలో యాంకరేజ్ పోర్టు చూసిన వాళ్లకి తెలుసు, పెద్ద ఓడలు ఒడ్డుకి రావు, దూరంగా లంగరు వేసుకుని ఉంటాయి, బియ్యం బస్తాలు బార్జీల్లో పోతాయి. లంగరేసిన ఓడ అంటే రోడ్డు పక్కన ఆపిన లారీ లాంటిది. రీక్యాప్ నివేదికల్లో కొన్నేళ్లుగా మన దేశపు రేవుల పేర్లు తిరగేస్తే కాకినాడ, విశాఖపట్నం కూడా కనిపిస్తాయి. పోయేది ఎక్కువగా తాళ్లు, ఓడ స్టోర్లోని సామాన్లు. చాలావరకు చిన్న కేసులే. కానీ ప్రపంచం చదివే నివేదికలో రేవు పేరు పడుతుంది. ఆ గీత లోపల జరిగింది కాబట్టి ఇక్కడ కొత్త పైరసీ చట్టం వర్తించదు, మామూలు దొంగతనం, దోపిడీ సెక్షన్లు, మన మెరైన్ పోలీసులు, కోస్ట్ గార్డ్.

ఇంకొకటి, విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి మర్చంట్ నేవీలోకి వెళ్లే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఇది వింటున్న వాళ్లల్లో కూడా ఉండే ఉంటారు. సింగపూర్ దాటే రాత్రి డెక్ మీద వాచ్ డ్యూటీ పడేది ఎక్కువగా మీకే. కంపెనీలు ఇచ్చే సూచనలు ఇవి: వెనక డెక్ మీద లైట్లు వేసి ఉంచడం, ఇంజిన్ రూమ్ తలుపులు లోపలి నుంచి బిగించుకోవడం, వాచ్‌లో ఇద్దరు ఉండటం, ఎవరైనా కనిపిస్తే ఎదురు తిరగకుండా ముందు అలారం కొట్టడం. చాలా సందర్భాల్లో అలారం మోగగానే, లైట్లు వెలగగానే దొంగలు ఖాళీ చేతులతో దిగిపోయారు. స్పానర్ పట్టుకుని హీరోయిజం చూపించాల్సిన జీతం మీకెవరూ ఇవ్వట్లేదు.

ఆ తర్వాతే అందరూ తప్పించుకోవాలని చూసే పని వస్తుంది. రిపోర్ట్ చేయడం. పోయింది నాలుగు విడిభాగాలు, చెప్తే పోలీసులు ఎక్కుతారు, ఓడ ఆగుతుంది, ఒక్కరోజు ఆగితే కంపెనీకి వేల డాలర్ల నష్టం, పోనీలే అని వదిలేసే కెప్టెన్లు ఉన్నారు. కొందరు రెండు రోజులయ్యాక తర్వాతి రేవు చేరి చెప్తారు. అప్పటికి పడవ ఎక్కడుంటుంది, విడిభాగం ఎవరి చేతులు మారుంటుంది? వెనకొచ్చే ఓడకి హెచ్చరిక కూడా అందదు, అదే రాత్రి అదే పడవ దాన్ని కూడా ఎక్కుతుంది. ఒకే రాత్రి కొద్ది గంటల తేడాతో వరసగా రెండు మూడు ఓడలు ఎక్కిన సంఘటనలు ఆ నివేదికల్లో ఉన్నాయి. అందుకే 21 దేశాల ఈ ఏర్పాటు మొత్తం, వాచ్‌లో ఉన్నవాడు అప్పటికప్పుడు రేడియోలో చెప్పే మూడు ముక్కల మీద ఆధారపడి ఉంది: ఎన్ని గంటలకి, ఏ అక్షాంశం రేఖాంశం దగ్గర, దిగిన పడవ ఏ దిక్కుకి పోయింది.